పనికి ఉద్యోగి, శిక్షకు విద్యార్థి

ప్రభుత్వ బోధనాసుపత్రికి అర్ధరాత్రివేళ వచ్చిన రోగిని మొట్టమొదట పరీక్షించువాడును, కేసుషీటు వ్రాయువాడును, రక్తమునకై బ్లడ్‌బ్యాంకునకు పరువెత్తువాడును, తెల్లవారి ప్రొఫెసరుగారు రౌండ్సుకు వచ్చునందాక ఆ ప్రాణమునకు పూచీపడి నిలుచువాడును ఎవరని విచారించినచో, పీజీ చదువుచున్న రెసిడెంటు డాక్టరే యని తేలును. పత్రికలలో జూడాలని మనము నిత్యము చదువుచుండు జూనియరు డాక్టర్లలో వీరొక ప్రధాన వర్గము. జాతీయ వైద్య కమిషను 2023లో వెలువరించిన స్నాతకోత్తర వైద్యవిద్యా నిబంధనలు సైతము వీరు పూర్తికాల రెసిడెంటు డాక్టర్లుగా పనిచేయవలయునని స్పష్టముగా పలుకుచున్నవి. పని విషయమున ఇంత నిష్కర్షగా డాక్టరని పిలువబడిన యీ వ్యక్తి, ఒక అభియోగము వచ్చి విచారణసంఘము నెదుట నిలువవలసిన నాడు మాత్రము కేవలము విద్యార్థిగా మారిపోవుచున్నాడు. ఉద్యోగికి చట్టము ఒసగిన రక్షణలు ఆ క్షణముననే అతనిని విడిచిపోవుచున్నవి. ఈ వైపరీత్యమును సవరింపవలసిన కాలము ఎన్నడో వచ్చినదని నా దృఢాభిప్రాయము.

ఉద్యోగికి గల రక్షణలెట్టివో చూడుడు. అభియోగములేవో తెలుపక, తన వాదమును వినిపించుకొనుటకు సముచితమైన అవకాశ మొసగక, ప్రభుత్వోద్యోగిని పదవినుండి తొలగింపరాదని రాజ్యాంగములోని 311వ అధికరణము సాధారణ నియమముగా కట్టడి చేసినది. ఉమ్మడి రాష్ట్రమునాడు 1991లో చేసిన సివిలు సర్వీసుల క్రమశిక్షణ నియమములు, అభియోగపత్రము మొదలు అప్పీలు వరకు, విచారణ ఏ క్రమమున సాగవలయునో నిర్దేశించినవి. సస్పెన్షనులోనున్న ఉద్యోగికి జీవనభృతి లభించును. విచారణలో తన పక్షమున మాటాడుటకు సహోద్యోగి నొకనిని తోడు తెచ్చుకొనవచ్చును. అభియోగపత్ర మీయకయే మూడు నెలలకు మించి సస్పెన్షనును సాగదీయరాదని సుప్రీంకోర్టు 2015లో అజయ్ కుమార్ చౌధరి కేసులో తీర్పు చెప్పెను. అంతకు పూర్వము 1993లో, మన హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ కక్షిగా నున్న కరుణాకర్ కేసులో, విచారణాధికారి నివేదిక ప్రతిని ఉద్యోగి చేతికిచ్చి, దానిపై అతడు చెప్పుకొనునది విన్న పిమ్మటనే శిక్ష విధింపవలయునని రాజ్యాంగ ధర్మాసనము నిర్ణయించెను. విద్యార్థుల విషయమున 1968 నాటి సురేశ్ కోశి జార్జి కేసు తీర్పు వేరు: పరీక్షలో అక్రమమునకు పాల్పడెనన్న విద్యార్థికి విచారణ నివేదిక ప్రతి నీయకపోయినంత మాత్రమున సహజన్యాయము భంగపడలేదని ఆనాటి న్యాయమూర్తులు తలచిరి. ఫలితమేమన, ఇ.సి.ఐ.ఎల్. ఉద్యోగికి నిర్వివాదముగా గల హక్కును, అదే నగరమున ఉస్మానియా ఆసుపత్రిలో రాత్రింబవళ్లు రోగుల నడుమ నిలుచు యువవైద్యుడు కోర్టుకెక్కి వాదించి సాధించుకొనవలసియున్నది.

సస్పెన్షను శిక్ష కాదనియు, విచారణ నిరాటంకముగా సాగుటకై చేయు ఏర్పాటు మాత్రమే యనియు న్యాయశాస్త్రము చెప్పును. రెసిడెంటు జీవితములో ఈ మాట నిలువదు. నూటికి 80 వంతుల హాజరు లేనిదే అతడు పరీక్షకు అర్హుడు కాడు; పరీక్షకు ఆరు నెలలు ముందుగానే థీసిస్ సమర్పింపవలయును. విచారణ పేరిట మూడు నెలలు వార్డునకు దూరమైనవాడు, తుదకు నిర్దోషియని తేలినను, తన సహాధ్యాయులతో గూడి పరీక్ష వ్రాయజాలక, కోర్సు పొడిగింపునకు దరఖాస్తు పట్టుకొని కార్యాలయముల చుట్టు తిరుగవలసివచ్చును. సంఘము రెండుసార్లు వాయిదా పడినచో చాలును, ఆ వాయిదాలే శిక్షయగును. ముప్పదియేండ్ల ప్రాయమున స్టైపెండు మీదనే సంసారము నడుపుకొనువారు వీరిలో ఎందరో కలరు. విసిగి కోర్సు విడిచిపోదమన్నను, సీటు వదలినందుకు లక్షల రూపాయలు చెల్లింపవలయునన్న బాండు అడ్డునిలుచును.

తీర్పు చెప్పువారెవరన్న ప్రశ్న మరింత క్లిష్టమైనది. రెసిడెంటుపై ఫిర్యాదు చేయువారు తరచుగా అతని విభాగాధిపతియే. అతని థీసిస్‌పై సంతకము చేయవలసినవారును, తుది పరీక్షలో అంతర్గత పరీక్షకులుగా కూర్చుండువారును ఆ విభాగములోని పెద్దలే. కాశ్మీరులో అటవీశాఖ ఎంపిక సంఘమున ఒక అభ్యర్థియే సభ్యుడై కూర్చున్నందుకు, తన పేరు వచ్చినపుడు ఆయన లేచిపోయినను, ఆ ఎంపికనంతటిని 1969లో క్రైపాక్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసెను. అట్టి కఠినమైన కొలత మన కళాశాలల విచారణసంఘములకు పెట్టినచో ఎన్ని నిలుచునో చెప్పజాలను.

క్రమశిక్షణను సడలింపుడని నేను కోరుట లేదు. ర్యాగింగు వలనను, కులదూషణ వలనను, స్త్రీల పట్ల అసభ్యవర్తనము వలనను చితికిపోయిన జూనియర్లను తలచుకొన్నవారెవ్వరును అట్లు కోరజాలరు. ఒకే విభాగమున ఫిర్యాదియు రెసిడెంటే, నిందితుడును రెసిడెంటే యగుట కలదు. న్యాయసహాయ మవసరమైనది ఇరువురకును. ఈ విషయమున 1973లో సుప్రీంకోర్టు పరిష్కరించిన హీరానాథ్ మిశ్రా కేసు నేటికిని చదువదగినది. రాంచీలోని రాజేంద్ర వైద్యకళాశాల విద్యార్థులు కొందరు 1972 జూన్‌లో ఒక రాత్రి వివస్త్రులై విద్యార్థినుల వసతిగృహ ప్రాంగణమున ప్రవేశించిరని 36 మంది విద్యార్థినులు ప్రిన్సిపాలునకు ఫిర్యాదు చేసిరి. ఆయన నియమించిన ముగ్గురు అధ్యాపకుల సంఘము, ఆ విద్యార్థినుల వాఙ్మూలములను నిందితుల పరోక్షమున గైకొని, నిందితుల ఛాయాచిత్రములను ఇతరుల చిత్రములతో కలిపి చూపి గుర్తింపజేసి, ఆ పిమ్మట నిందితులను పిలిచి అభియోగములు తెలిపి సమాధానములు స్వీకరించెను. రెండేండ్లు బహిష్కృతులైన విద్యార్థులు తమ యెదుట సాక్షులను విచారింపలేదనియు, నివేదిక ప్రతి నీయలేదనియు మొరవెట్టగా, రేపు అదే కళాశాలలో తిరుగవలసిన బాలికలను నిందితుల అడ్డుప్రశ్నలకు గురిచేయుట వారి క్షేమమునకు ముప్పనియు, సహజన్యాయ సూత్రములు సన్నివేశమును బట్టి రూపుదాల్చుననియు న్యాయస్థానము పలికెను. ఆ తీర్పు సరియైనదేయని నా విశ్వాసము. అయితే రాంచీలో అభియోగములు తెలిపిరి, సమాధానములు వినిరి, సాక్ష్యమును జాగ్రత్తగా తూచిరి. సాక్షుల భద్రత కొరకు మాత్రమే ఒక మెట్టు విడిచిరి. ఏ సాక్షికిని ఏ భయమును లేనిచోట, డ్యూటీకి ఆలస్యమయ్యెననియో, సమ్మెలో ముందు నిలిచెననియో ఆరోపించి, ఒక్క కాగితమైన చూపక దండించి, దానికి ఆ తీర్పును ఆధారముగా చూపుట దాని నవమానించుటయే.

చదువులో వెనుకబాటు వేరు, నడవడిలో దోషము వేరు. అమెరికా సుప్రీంకోర్టు 1978లో హొరొవిట్జ్ కేసులో ఈ భేదమును గ్రహించి, వైద్యవిద్యలో యోగ్యతాలోపమునకై తొలగించునపుడు, దుర్నడతకై దండించునపుడు వలె విధ్యుక్తమైన విచారణ అవసరము లేదనెను. కాని ఆ విద్యార్థినిని మిస్సూరీ విశ్వవిద్యాలయము ముందుగా హెచ్చరించుటయే కాక, ఏడుగురు వైద్యుల వద్ద పనిచేయించి వారి అభిప్రాయములు గైకొనెను. వారిలో ఇద్దరు ఆమె సకాలమున పట్టా పొందవచ్చుననియే వ్రాసిరి. ఇట్టి స్వతంత్రపరీక్ష లేనిచోట, అధికారికి నచ్చని నడవడిని చదువు పేరిట దండించుటయు, చదువులోని లోపమును అవిధేయతగా చిత్రించుటయు మిక్కిలి సులభము.

పొరపాటు జరిగిన గడియను గూర్చియు ఒక మాట. రెసిడెంట్ల నిరంతర విధి సాధారణముగా దినమునకు 12 గంటలు, వారమునకు 48 గంటలు మించరాదని కేంద్రప్రభుత్వము 1992 జూన్‌లోనే ఆదేశించెను. వైద్యవిద్యార్థుల మానసికారోగ్యముపై నియమితమైన జాతీయ కార్యదళము 2024లో వారమునకు 74 గంటలను మేరగా సూచించెను. ఆ రెంటికి నడుమ గల అంతరమే వాస్తవస్థితిని చెప్పుచున్నది. ముప్పది గంటలు నిదురలేక నిలిచినవాడు మందు మోతాదు తప్పు వ్రాసినపుడు, అతనిపై వచ్చు మెమోలో ఆ తప్పు ఉండును గాని, ఆ వారపు డ్యూటీ చార్టు ఉండదు. ఆ చార్టును విచారణలో సాక్ష్యముగా చేర్చక చేసిన ఏ నిర్ణయమును న్యాయమనిపించుకొనదు.

న్యాయవాది సహాయ మెచ్చట లభించును? రోగి మరణించి పోలీసు కేసైనచో, ఆసుపత్రి నియమించుకొన్న న్యాయవాది ఆసుపత్రి పక్షమునే వాదించును. తప్పంతయు రెసిడెంటుదేయనుట ఆసుపత్రికి లాభకరమైన సందర్భమున ఆ యువకుడు ఒంటరి. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో, మరియొక అర్హుడైన వైద్యుని నిష్పాక్షికాభిప్రాయము లేక దర్యాప్తు ముందుకు సాగరాదనియు, కేవలము ఆరోపణ వచ్చినదని డాక్టరును అరెస్టు చేయరాదనియు సుప్రీంకోర్టు నిర్దేశించిన సంగతిని, పోలీసు ఠాణాకు పిలువబడిన రాత్రి అతనికి చెప్పువారుండవలయును గదా! మరియొక సంగతి కూడ కలదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము ననుసరించి స్త్రీలును, షెడ్యూల్డు కులములవారును, తెగలవారును ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయమునకు అర్హులు. పీజీ సీట్లలో చేరుచున్న యువతుల సంఖ్య తలచినచో, జిల్లా న్యాయసేవాధికార సంస్థ తలుపు తట్టదగినవారు వార్డులలో ఎందరో కలరు. ఆ తలుపు ఉన్నదని వారికి తెలిపినవారు అరుదు. జూడా సంఘములు ధర్నాలతో స్టైపెండు సాధించినవి, సస్పెన్షన్లను ఎత్తివేయించినవి. వాటి శ్రమ మెచ్చదగినదే. కాని ఒంటరిగా ఒక షోకాజు నోటీసునకు వారము దినములలో సమాధానము వ్రాయవలసిన వానికి కావలసినది నినాదము గాదు, చట్టమెరిగిన చేయి.

ఇందుకు క్రొత్త శాసనములకై వేచియుండ బనిలేదు. విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయమును, వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయమును తమ పరిధిలోని కళాశాలలకు ఒక నియమావళిని ప్రకటింపవచ్చును: అభియోగము లిఖితపూర్వకముగా నుండవలయును, ఫిర్యాదు చేసిన విభాగమువారు విచారణసంఘమున కూర్చుండరాదు, రెసిడెంటు తనతో సహాధ్యాయినో న్యాయవాదినో తెచ్చుకొనవచ్చును, సస్పెన్షనునకు నెలరోజుల గడువు, నిర్దోషికి ఆ దినముల హాజరును స్టైపెండును తిరిగి లభింపవలయును, విశ్వవిద్యాలయములో అప్పీలు, కళాశాలలో వారమున కొకనాడు న్యాయసేవాధికార సంస్థ పక్షమున ఒక న్యాయవాది. రానున్న ప్రవేశముల నాటికి అట్టి నియమావళి వెలువడినచో, క్రొత్తగా చేరు పీజీలకు మొదటి డ్యూటీ చార్టుతో బాటు దాని ప్రతియు చేతికీయవచ్చును.