పక్కన నిలబడ్డవాళ్ల ముఖాలు

ఫొటోల ఫోల్డర్ ఒకటి చేతికిస్తే అందులోని ముఖాలన్నీ వెతికి, ఒక్కొక్కటీ చదరంగా కత్తిరించి, విడివిడి ఫైళ్లుగా పేర్చిపెట్టే ప్రోగ్రాం ఇవాళ ఇంజనీరింగ్ పిల్లలు ఒక పూటలో రాసేస్తున్నారు. దీనికి బాట వేసింది 2001లో వయోలా, జోన్స్ అనే ఇద్దరు పరిశోధకులు. కళ్ల చోటు బుగ్గలకన్నా ముదురుగా కనిపిస్తుందన్న గమనికలాంటివే వాళ్ల పద్ధతికి ఆధారం. ఐడీ కార్డులకు వందల ఫొటోలు చేత్తో కత్తిరించి మెడలు పట్టేసినవాళ్లకు ఇది వరమే. నేను కాదనను. ఆ ముక్కలు తర్వాత ఏమవుతున్నాయన్నదే నా పేచీ.

అమెరికాలో జరిగింది చూడండి. ఫ్లికర్‌లో జనం పెట్టుకున్న ఇంటి ఫొటోలతో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు మెగాఫేస్ అనే ముఖాల భాండారం తయారుచేశారు. సుమారు 48 వేల మంది ఆల్బమ్‌ల నుంచి 33 లక్షల ఫొటోలు తీసుకుని, 6.72 లక్షల మందివిగా లెక్కకట్టిన 47 లక్షల ముఖాలు కత్తిరించారు. అంటే ఫొటోలు పెట్టిన ఒక్కో మనిషికి పద్నాలుగు మంది చొప్పున! పెట్టినాయన ఒప్పుకున్నాడనే అనుకుందాం. పక్కన నిలబడ్డవాళ్లను, వాళ్ల చంకలోని పిల్లలను అడిగిందెవరు? 2020లో మెగాఫేస్‌ను మూసేశారు గానీ, అప్పటికే ఎన్నో సంస్థలు దాన్ని దించుకుపోయాయి.

మన పెళ్లిళ్లలోనూ ఇప్పుడు సెల్ఫీ పంపితే ‘మీ ఫొటోలు మీకు’ అంటున్నారు. సౌకర్యమే, సందేహం లేదు. అయితే మీ ముఖం దొరకాలంటే పందిట్లోని ముఖాలన్నీ ముందు జల్లెడ పట్టాలి. సాంబారు బకెట్టుతో బంతి వెంట తిరుగుతున్న కుర్రాడి ముఖం కూడా అందులో పడుతుంది. అతనికి ఆ సంగతే తెలియదు, ఫొటో కూడా అందదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. సరే, చట్టం అమలయ్యేదాకా మన మర్యాద ఆగాలా?

ముఖాన్ని పట్టుకోగల ప్రోగ్రాం దాన్ని మసకబార్చనూ గలదు. గూగుల్ స్ట్రీట్ వ్యూ 2008 నుంచీ వీధిలో పోయేవాళ్ల ముఖాలకు ఆ పనే చేస్తోంది. వాళ్లకు చేతనైంది మనకు చేతకాదా?

స్టూడియోవాళ్లూ, ఆల్బమ్ అప్పగించాక ముఖాల ఫోల్డర్ చెరిపేయండి. బడి పెద్దలూ, కార్డులు అచ్చయ్యాక పిల్లల ముఖాలు ఏ కంప్యూటర్‌లో మిగిలాయో కనుక్కోండి. ప్రాజెక్టు కోసం నెట్‌లో ముఖాలు పోగేస్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ముందు మీ తరగతివాళ్లను అడిగి వాళ్ల ఫొటోలతో మొదలుపెట్టండి. పెళ్లివారూ, బయానా ఇచ్చేటప్పుడే ఫొటోగ్రాఫర్‌ని అడగండి: మా చుట్టాల ముఖాలు నీ దగ్గర ఎన్నాళ్లుంటాయి?