నిలిపియుంచిన బండికి పక్షుల బాధ

శామీర్‌పేట చెఱువునకు సమీపమున మా బంధువుల తోట యొకటి కలదు. అందు పడకయు వంటబల్లయు నమర్చిన పెద్ద వ్యాను చింతచెట్టు క్రింద ఏడాదిగా నిలిచియున్నది. తొలకరి పిమ్మట మేము పోయి చూడగా కప్పంతయు రెట్టలే. వేసవిలో గూళ్లు కట్టుకొను కాకులు గుడ్డకప్పు పీచు నూడబెఱికినవి. పైకిటికీ రబ్బరును పొడిచినవి. వాన దిగి పరుపు తడిసినది. ఆ బండి నమ్మి కుమార్తె చదువునకు వెచ్చింపదలచిన యిల్లాలి దుఃఖ మింతింత కాదు. పిల్లలు ఉండేలు పట్టిరి, మేము వలదంటిమి.

బండిని కొమ్మల క్రిందినుండి తొలగించుట మొదటి పని. టార్పాలిను చదునుగా పఱచిన నీరు నిలిచి పక్షులకు తొట్టియగును. కావున మేడ్చల్ బజారునుండి వెదురు తెప్పించి, నడుమ నెత్తుగా నిలిపి, వాలుగా కట్టించితిమి. ప్రక్క అద్దములకు పాతగుడ్డ చుట్టవలెను. తన ప్రతిబింబమునే పగదియనుకొని పిట్ట పొడుచును. తళుకు రిబ్బనులు నాలుగు దినములే పనిచేయును, పిమ్మట కాకి వాని ప్రక్కనే కూర్చుండును! మాంజా దారము మాత్రము కట్టరాదు, పక్షుల కాళ్లు తెగును.

రెట్టలోని యూరిక్ ఆమ్లము రంగును చెఱచును. ఎండినదానిని గీకరాదు, ముక్కునకు గుడ్డ కట్టుకొని, తడిబట్ట పఱచి, నానిన పిదప తుడువవలెను.

పాతకప్పు నెత్తునప్పుడు మూలను గువ్వగూడు, అందు రెండు గ్రుడ్లు కనబడెను. అవి పిల్లలై యెగురుటకు నెలదినములు పట్టునని చెప్పితిమి. బేరము నంతవఱకు ఆపుదమని యిల్లాలే యనెను.