స్టార్లు సరే... కుండ గుర్తేదీ?

పర్యావరణ లేబుళ్లలో కొన్నే కొనుగోలుదారులకు అక్కరకొస్తున్న వైనం

వేసవి సమీపిస్తే చాలు జిల్లా కేంద్రాల్లోని ఎలక్ట్రానిక్స్ దుకాణాలు కిటకిటలాడతాయి. ఏసీ, ఫ్రిజ్ కొనవచ్చినవారు ధరతో పాటే అడిగే ప్రశ్న 'ఎన్ని స్టార్లు?' అని. అదే కొనుగోలుదారులు సబ్బులు, డిటర్జెంట్లు, రంగుల డబ్బాలు తీసుకునేటప్పుడు మాత్రం పర్యావరణానికి సంబంధించిన గుర్తు కోసం వెతకరు. వెతికినా కనిపించడం అరుదు. నిజానికి అలాంటి గుర్తును కేంద్ర ప్రభుత్వం స్టార్ లేబుల్ కంటే 15 ఏళ్లు ముందే ప్రవేశపెట్టింది.

మూలనపడిన 'ఎకోమార్క్'

తయారీలో, వాడకంలో, పారవేతలో పర్యావరణానికి తక్కువ హాని చేసే వస్తువులను గుర్తించేందుకు కేంద్రం 1991లో 'ఎకోమార్క్' పథకాన్ని ఆరంభించింది. మట్టికుండను చిహ్నంగా ఎంచుకుంది. సబ్బులు, కాగితం, రంగులు, బ్యాటరీలు తదితర వస్తువులకు ప్రమాణాలు నిర్దేశించింది. అయితే ఈ గుర్తు పొందడం తయారీదారుల ఇష్టానికే వదిలేశారు. నాణ్యతకు ఐఎస్ఐ ప్రమాణంతో పాటు అదనపు పరీక్షలకూ సిద్ధపడాల్సి రావడంతో ముందుకొచ్చిన సంస్థలు స్వల్పమే. గుర్తు కనిపించక జనం అడగలేదు, జనం అడగక కంపెనీలు పట్టించుకోలేదు.

బిల్లుతో ముడిపడిన స్టార్లు

ఇంధన సామర్థ్య సంస్థ (బీఈఈ) 2006లో ప్రారంభించిన స్టార్ లేబుల్ పరిస్థితి వేరు. 2010 జనవరి నుంచి ఏసీలు, ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్‌లు వంటి వాటికి, 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు దీనిని తప్పనిసరి చేశారు. పైగా దీని ప్రయోజనం కరెంటు బిల్లులోనే తేలిపోతుంది. సాధారణ పాత ఫ్యాన్ సుమారు 75 వాట్లు తీసుకుంటే, బీఎల్‌డీసీ మోటారున్న ఫైవ్‌స్టార్ ఫ్యాన్‌కు 30 వాట్లు సరిపోతాయి. రోజుకు 12 గంటల చొప్పున ఏడాదిలో 300 రోజులు తిరిగితే ఒక్కో ఫ్యాన్‌పై 162 యూనిట్లు మిగులుతాయి. మూడు ఫ్యాన్లున్న ఇంట్లో ఇది 486 యూనిట్లు. రామగుండం, ఇబ్రహీంపట్నం వంటి బొగ్గు ఆధారిత విద్యుత్ కేంద్రాలపై ఆ మేరకు భారం తగ్గుతుంది.

లేబుల్‌ను పూర్తిగా చదివితేనే..

స్టార్ల సంఖ్య ఒక్కటే చూస్తే పొరపడే ప్రమాదముంది. ఒకే పరిమాణం గల వస్తువులను పోల్చడానికే స్టార్లు ఉపకరిస్తాయి. పెద్ద ఫైవ్‌స్టార్ ఫ్రిజ్ చిన్న త్రీస్టార్ ఫ్రిజ్ కంటే ఎక్కువ కరెంటు తీసుకోవచ్చు. అందుకే లేబుల్‌పై ముద్రించిన వార్షిక వినియోగం ఎన్ని యూనిట్లో చూడాలి. ఏసీలకు ఈ అంకెను ఏడాదికి 1,600 గంటల వాడకం ప్రాతిపదికన లెక్కిస్తారు. ఎండలు మండే జిల్లాల్లో వాడకం ఇంతకు మించితే బిల్లూ పెరుగుతుంది. ప్రమాణాలను ఎప్పటికప్పుడు కఠినతరం చేస్తుంటారు కనుక లేబుల్ ఏ కాలానికి వర్తిస్తుందో గమనించడమూ ముఖ్యమే. పాత లేబుల్‌పై ఐదు స్టార్లు కొత్త ప్రమాణాల ప్రకారం అన్ని కాకపోవచ్చు.

పచ్చనివన్నీ పర్యావరణ హితం కావు

ఆహార పొట్లాలపై ఉండే ఆకుపచ్చ చుక్క శాకాహారమని మాత్రమే తెలుపుతుంది. ప్లాస్టిక్ సీసాల అడుగున త్రికోణంలోని అంకె అది ఏ రకం ప్లాస్టికో చెబుతుందే తప్ప హానికరం కాదని హామీ ఇవ్వదు. ఇక ఆకుల బొమ్మలు, 'ఎకో ఫ్రెండ్లీ', 'నేచురల్' వంటి మాటలు కంపెనీలు సొంతంగా రాసుకునేవే. ఆధారాలు చూపకుండా ఇలాంటి ప్రచారం చేయరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు జారీ చేసింది. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు.

రెండో అవకాశం

పాత పథకం స్థానంలో 2024 సెప్టెంబరులో కేంద్రం కొత్త ఎకోమార్క్ నిబంధనలను తెచ్చింది. అమలు బాధ్యతను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలికి అప్పగించింది. అయితే ఈసారీ గుర్తు తీసుకోవడం స్వచ్ఛందమే. తప్పనిసరి చేయడం, సులువుగా చదవగలిగేలా ఉండటం, కొన్నవారికి లాభం కళ్లకు కట్టడం.. స్టార్లను నిలబెట్టినవి ఈ మూడే. అవి కొరవడితే కుండ గుర్తు మళ్లీ కాగితాలకే పరిమితమయ్యే ప్రమాదముంది. స్టార్లను అడిగి తీసుకుంటున్న వినియోగదారులు సబ్బు, రంగు కొనేటప్పుడూ 'కుండ గుర్తు ఉందా?' అని ప్రశ్నిస్తేనే దుకాణాల్లోనూ, కంపెనీల్లోనూ కదలిక వస్తుంది.