నెలలు నిండినాక పని ఎప్పుడు ఆపాలో ఆమే చెప్పాలి, కూలి ఆగొద్దు

వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో పని చేసే ఆడవాళ్లకూ, వాళ్ల ఇంటివాళ్లకూ, వాళ్లతో పని చేయించుకునేవాళ్లకూ విన్నపం



దసరా దాటితే పత్తి తీత మొదలవుతుంది. తెల్లారకముందే కూలీలతో కిక్కిరిసిన ఆటోలు వర్ధన్నపేట, పర్వతగిరి, సంగెం చేలకు పోతాయి. కూలి కిలో లెక్కన. పాత చీరను నడుముకు ఒడిలా కట్టుకుని, తీసిన పత్తి అందులో నింపుకుంటూ సాలు వెంట సాలు నడవాలి. ఎనిమిదో నెల కడుపుతో ఉన్న మనిషికి ఆ ఒడి ఎక్కడ కట్టుకోవాలో తోచదు. పైన కడితే బరువు కడుపు మీద పడుతుంది, కింద కడితే నడుము లాగేస్తుంది. చివరికి ఒడిని పక్కకు జరుపుకుని ఒక చేత్తో పట్టుకుంటుంది, ఇంకో చేత్తో పత్తి తీస్తుంది. పొద్దుగూకి కాంటా పెట్టేసరికి తోటివాళ్లు తీసినదాంట్లో సగమే తేలుతుంది, సగం కూలే చేతికొస్తుంది. ఆ సగం కూడా పోతే ఎట్లా అన్న భయంతో మర్నాడు మళ్లీ ఆటో ఎక్కుతుంది.

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్ నడిచే నెలల్లో చూడండి. హమాలీలు, దడవాయిలతో పాటు చాటకూలీలుగా, ఊడ్చేవాళ్లుగా మన ఆడవాళ్లున్నారు. బస్తా విప్పి రాశి పోయగానే లేచే ఘాటుకు ముక్కుకు గుడ్డ కట్టుకున్నా దగ్గు ఆగదు. నిండు కడుపుతో అంతలా దగ్గితే పొత్తికడుపు పట్టేస్తుంది, కూర్చుందామంటే నీడ దొరకదు. హన్మకొండ చౌరస్తా బట్టల షాపుల్లో ఏసీ ఉంటుంది గానీ స్టూలు ఉండదు. షాపు తెరిచినప్పటి నుంచి మూసేదాకా నిలబడే ఉండాలి. సాయంత్రానికి కాళ్లు చెప్పుల్లో పట్టవు. బీడీలు చుట్టే ఇళ్లల్లో ఇంకో తీరు. రోజంతా చేట ఒళ్లో పెట్టుకుని ముందుకు వంగి కూర్చోవాలి, ఆ వంగిన కడుపులోనే బిడ్డ ఉంటుంది.

పత్తి ముఠా మేస్త్రి ‘వస్తే రా, లేకుంటే ఇంకొకరిని పెట్టుకుంట’ అంటాడు. షాపు మేనేజరు ‘కడుపు కనబడుతోంది, రేపటి నుంచి రాకు, కాన్పయినంక చూద్దాం’ అంటాడు. ఒకరు పని ఆపనివ్వరు, ఇంకొకరు చేయనివ్వరు. మోసే మనిషిని మాత్రం ఇద్దరూ అడగరు.

ఆపాలా, ఇంకొన్నాళ్లు చేయాలా అన్నది ఆమె తన ఒంటిని చూసుకుని, డాక్టరును అడిగి తేల్చుకోవాలి. ఆమె ఏది తేల్చుకున్నా ఇంట్లో పొయ్యి ఆరకూడదు. ఈ కరపత్రం అడుగుతున్నది అదే.

ఈ గోస ఈ గడ్డకు కొత్త కాదు. జనగామ పక్క విస్నూరు గడీ పెత్తనం నడిచిన కాలంలో బాలింతలను కూడా వదలకుండా పనికి పట్టుకుపోయిన సంగతి పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాట చరిత్రలో రాశారు. ఆ గడీ మీద తిరగబడింది పాలకుర్తి చాకలి ఐలమ్మ. గడీలు పోయాయి, వెట్టి పోయింది. అయితే కాన్పు నొప్పులు వచ్చేదాకా చేలో ఉండి, పచ్చి ఒంటితోనే మళ్లీ చేలోకి దిగే మనిషి ఇప్పటికీ ఉంది. ఇప్పుడు దొర పిలవడు, ఆకలి పిలుస్తుంది.

1928 జూలైలో బొంబాయి శాసనమండలిలో మిల్లు కార్మిక స్త్రీల ప్రసూతి బిల్లు మీద అంబేడ్కర్ మాట్లాడారు. కాన్పుకు ముందు, తర్వాత తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలు, కాబట్టి ఆ ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వమే మోయాలి అన్నది ఆయన వాదన. మరుసటి ఏడు 1929లో ఆ చట్టం వచ్చింది. దేశమంతటికీ 1961లో ప్రసూతి ప్రయోజన చట్టం వచ్చింది, 2017లో దాన్ని సవరించి 12 వారాల సెలవును 26 వారాలు చేశారు. ఆ హక్కులనే 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ పెట్టారు.

ఆ హక్కులను మీ తేదీలతో లెక్కేసి చూద్దాం. మీ దగ్గర ఏఎన్ఎం ఇచ్చిన ఎంసీపీ కార్డు ఉంటుంది. అందులో కాన్పు తేదీ రాసి ఉంటుంది. చదవడం రాకుంటే ఆశ అక్కను చదవమనండి. ఆ తేదీ మే 20 అనుకుందాం. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెడితే ఆరు వారాల ముందు ఏప్రిల్ 8, దానికి ఇంకో నెల ముందు మార్చి 8. మార్చి 8 నుంచీ మీరు అడిగితే చాలు, యజమాని మీతో బరువు పని చేయించకూడదు, గంటల తరబడి నిలబెట్టకూడదు. తేలిక పని ఇచ్చానని చెప్పి జీతం కోయకూడదు. మార్చి 25 నుంచి, అంటే ఎనిమిది వారాల ముందు నుంచి, జీతంతో కూడిన సెలవు మీద వెళ్లొచ్చు. కాన్పుకు ముందు రోజుల డబ్బు ముందుగానే చేతికివ్వాలి. మిగతాది కాన్పు కాగితం చూపించిన 48 గంటల్లో ఇవ్వాలి. సెలవులో ఉన్న మనిషిని పనిలోంచి తీసేయడం చట్టవిరుద్ధం. గర్భం వల్ల ఒళ్లు చెడితే డాక్టరు రాసిన కాగితంతో ఇంకో నెల కూడా జీతంతో సెలవు వస్తుంది.

ఈ చట్టం పది మందో అంతకంటే ఎక్కువో పని చేసే షాపులకు, ఫ్యాక్టరీలకు వర్తిస్తుంది. కాన్పుకు ముందటి ఏడాదిలో 80 రోజులు పని చేసి ఉండాలి. ఈఎస్ఐ కార్డున్నవాళ్లకు ఆ డబ్బు యజమాని బదులు ఈఎస్ఐ ఇస్తుంది. ఇద్దరు పిల్లలున్నవాళ్లకు మాత్రం సెలవు 12 వారాలే, అందులో ఆరు వారాలే ముందు తీసుకోవచ్చు. మూడో కాన్పు తల్లి నడుముకు నొప్పి తక్కువని ఎవరు చెప్పారో మాకు అర్థం కాలేదు. ఆ తేడా పోవాలి.

ఇక్కడ చాలామంది ఆడవాళ్లు వేసుకునే లెక్క ఒకటుంది. 26 వారాల్లో ఎనిమిది ముందే వాడుకుంటే బిడ్డతో ఉండేందుకు 18 వారాలే మిగులుతాయి. అందుకే నొప్పులు వచ్చేదాకా పనికి పోయి, సెలవంతా బిడ్డ కోసం దాచుకుంటారు. ఆ ఆలోచనను తప్పు పట్టొద్దు. కుర్చీలో కూర్చుని చేసే పనై, బీపీ, రక్తం బాగుండి, డాక్టరు సరేనంటే తొమ్మిదో నెలలోకీ పని చేసుకోవచ్చు. అదే తట్ట మోసే పని, మెట్లెక్కి ఇటుకలందించే పని, నలభై మూడు డిగ్రీల ఎండలో నిలబడే పని అయితే ఎనిమిదో నెల దాకా కూడా ఆగొద్దు, ఏడో నెలలోనే డాక్టరును అడగండి. పుట్టేనాటికి బిడ్డకుండే బరువులో దాదాపు సగం ఆఖరి రెండు నెలల్లోనే వస్తుంది. తెలంగాణలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. రక్తం లేని ఒంటితో, నీళ్లు తాగక, మూత్రానికి పోయే చోటు లేక పగలంతా పని చేస్తే నెలలు నిండకముందే నొప్పులు మొదలయ్యే ముప్పు ఉంటుంది.

కొన్ని గుర్తులకు మాత్రం ఏ లెక్కా వేయొద్దు. మొహం, చేతులు ఉబ్బి, తల పగిలిపోతూ, కళ్లు మసకబారితే బీపీ పెరిగిందేమో అని అనుమానించాలి. రక్తం కనబడినా, ఉమ్మనీరు కారినా, బిడ్డ కదలిక తగ్గినా, నొప్పి వస్తూ పోతూ ఉన్నా చేతిలో పని అక్కడే వదిలేయండి. 102కు ఫోన్ చేస్తే అమ్మఒడి బండి వస్తుంది. వరంగల్‌లో సీకేఎం, హన్మకొండలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉన్నాయి. సగం సాలు మిగిలిందని, కాంటా కాలేదని ఆగొద్దు.

సెలవు, జీతం అన్నవి మాకెక్కడివి, మాది రోజు కూలి అంటారేమో. ఢిల్లీలో రోడ్ల మీద మస్టర్ రోల్ కింద రోజు కూలికి పని చేసిన ఆడవాళ్లు ఇదే ప్రశ్నతో కోర్టుకు పోయారు. పని చేయించుకున్న మున్సిపల్ కార్పొరేషన్ ‘వీళ్లు పర్మినెంటు కాదు’ అంది. 2000 మార్చి 8న సుప్రీంకోర్టు ఆ మాట చెల్లదంది, రోజు కూలికి పని చేసే తల్లులకూ ప్రసూతి చట్టం వర్తిస్తుందని తీర్పిచ్చింది. కాంట్రాక్టరు కింద ఉన్నామని, ఔట్‌సోర్సింగ్ అని ఎవరన్నా నోరు మూయించబోతే ఈ తీర్పు గుర్తు చేయండి. భవన నిర్మాణ పని చేసేవాళ్లు లేబర్ కార్డు తీసుకుని, రెన్యువల్ చేయించుకుంటూ ఉంటే రెండు కాన్పుల వరకు 30,000 రూపాయల చొప్పున సాయం ఉంది. అడ్డా మీద నిలబడే ఆడవాళ్లలో కార్డు లేనివాళ్లు ఇప్పుడే చేయించుకోవాలి, కడుపు పండినాక పరిగెత్తితే కుదరదు.

పత్తి చేలో పని చేసే మనిషికి ఏ యజమానీ లేడు, రోజుకో రైతు. ఆమె కూలి ఎవరివ్వాలి? ప్రభుత్వమే ఇవ్వాలి. ఇది దానం అడగడం కాదు. 2013 ఆహార భద్రతా చట్టం ప్రతి గర్భిణికీ 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని రాసింది. 2017లో మొదలైన కేసీఆర్ కిట్ పథకం ఆడపిల్ల పుడితే 13,000, మగపిల్లాడు పుడితే 12,000 ఇస్తామంది. పోయిన కూలికి బదులుగా అన్నది దాని ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కానీ దాని విడతలు చూస్తే కాన్పుకు ముందు ఇస్తామన్నది 3,000 మాత్రమే, మిగతాదంతా కాన్పయ్యాకే. పని మానాల్సిన ఎనిమిదో నెలలో చేతిలో డబ్బు లేనిదే ఆమె ఎట్లా మానుతుంది? పథకం పేరు ఏదైనా కానీ, ఏ ప్రభుత్వమైనా కానీ, ఎక్కువ డబ్బు కాన్పుకు ముందే, ఏడో నెల పరీక్ష అవగానే ఖాతాలో పడాలి. కలెక్టరాఫీసులో ఉద్యోగి అయిన తల్లికి 180 రోజుల సెలవు జీతంతో ఇస్తున్నారు, ఇవ్వాలి కూడా. అదే ఆఫీసు ముందు రోడ్డు ఊడ్చే తల్లిది కూడా ఆ కడుపే.

ఇంటివాళ్లతో ఒక మాట. శ్రీమంతం చేసి తల్లిగారింటికి తోలే పద్ధతి మన పెద్దలు పెట్టారు. నిండు నెలల్లో ఆడబిడ్డకు ఆ ఇంట్లో చాకిరి తప్పాలన్న జ్ఞానం అందులో ఉంది. ఇప్పుడు శ్రీమంతానికి ఫొటోలు, ఫ్లెక్సీలు, వంద మందికి భోజనాలు. మర్నాడు ఆమె మళ్లీ బిందె ఎత్తుతోంది. ఆ ఖర్చులో కొంత ఆమె రెండు నెలల కూలి కింద దాచి చేతిలో పెట్టండి. మగవాళ్లు నీళ్లు మోయండి, పెద్దపిల్లను బడికి తయారు చేయండి. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద ఒక పూట భోజనం, పాలు, గుడ్డు పెడతారు. ఆమె వెళ్లి తినొచ్చేంత సేపు ఇంటి పని మీరు చూసుకోండి.

షాపుల యజమానులారా, కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపుల్లో నిలబడి పని చేసేవాళ్లకు కూర్చునే హక్కు చట్టంలో రాశాయి. మీరు చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. కౌంటరు వెనక నాలుగు స్టూళ్లు వేయండి. గిరాకీ లేనప్పుడు కూర్చున్న అమ్మాయిని చూసి ఏ కొనేవాళ్లూ వెనక్కి పోరు. పోతే మాకు చెప్పండి, వాళ్లతో మేం మాట్లాడతాం.

ముఠాల్లో పని చేసే అక్కచెల్లెళ్లు ఈ వారమే కూర్చుని మాట్లాడుకోండి. ఎవరికి ఎన్నో నెల అన్నది అందరికీ తెలిసేదే. ఏడు దాటిన మనిషిని నీళ్లందించే పనికో, కాంటా దగ్గర లెక్క రాసే పనికో పెట్టి, ఆమె సాలు మిగతావాళ్లు తలా కొంత తీసి కూలి సమానంగా పంచుకోండి. మేస్త్రి ఒప్పుకోకపోతే ముఠా మొత్తం ఆ రోజు ఆటో ఎక్కొద్దు. రేపు మీ వంతు వచ్చినప్పుడు ఇదే పద్ధతి మీకు అక్కరకొస్తుంది.

జీతానికి పని చేసేవాళ్లు నోటిమాటతో అడగొద్దు, కాగితం రాయండి. పేరు, పనిలో చేరిన తేదీ, కాన్పు తేదీ, ఏ తేదీ నుంచి తేలిక పని, ఏ తేదీ నుంచి సెలవు కావాలో రాసి, ఎంసీపీ కార్డు జిరాక్సు జత చేసి, ఇంకో ప్రతి మీద తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. సంతకం పెట్టకపోతే రిజిస్టర్డు పోస్టులో పంపండి. అయినా మొండికేస్తే కార్మిక శాఖ ఆఫీసుకు, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోవాలి. ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకు అక్కడ వకీలు ఫీజు లేదు. ఫోన్ 15100.

వచ్చే సోమవారం హన్మకొండ, వరంగల్ కలెక్టరేట్ల ప్రజావాణిలో మనందరి పేర్లతో అర్జీ ఇద్దాం. ప్రసూతి డబ్బు ఏడో నెలలోనే ఖాతాలో వేయాలని, మార్కెట్ యార్డులో, అడ్డాల దగ్గర ఆడకూలీలకు నీడ, నీళ్లు, మరుగుదొడ్డి కావాలని, షాపుల్లో స్టూళ్లు వేయించాలని అందులో అడుగుదాం. ఆధార్, లేబర్ కార్డు, ఎంసీపీ కార్డుల జిరాక్సులు తెచ్చుకోండి. ఎనిమిదో నెల, తొమ్మిదో నెలలో ఉన్నవాళ్లు క్యూలో నిలబడేందుకు రావొద్దు. మీ కాగితాలు పక్కింటివాళ్లతో పంపండి, మీ అర్జీ కూడా మేమే ఇచ్చి రసీదు తెచ్చిస్తాం.

ఇట్లు,
నిండు నెలల్లోనూ పనికి పోయిన కొందరు ఆడకూలీలు, వరంగల్