లోపల వదిలిన అంగుళం

పాత సామాన్లమ్మే జుమ్మేరాత్ బజార్‌కి గురువారం పొద్దున్నే వెళ్లాలి. పది దాటితే మంచి సరుకు ఉండదు, ఎండ మాత్రం ఉంటుంది. పోయిన డిసెంబరులో అక్కడ, తుప్పు పట్టిన ఫ్యాన్ల పక్కన పరిచిన దుప్పటి మీద బూడిద రంగు ఉన్ని కోటు దొరికింది. నాలుగు వందలన్నాడు, మూడు వందల యాభైకి ఇచ్చాడు. లోపలి జేబు మీద లాల్ ఇమ్లీ చీటీ. 1876లో కాన్పూరులో పెట్టిన ఉన్ని మిల్లు అది. ఆవరణలోని ఎర్ర చింతచెట్టు పేరే దానికి వచ్చిందంటారు.

ఇంటికి తెస్తే మా ఆవిడ గుమ్మం దాటనివ్వలేదు. "ఎవరు పోతే అమ్మారో ఏమో, ముందు బయట పెట్టండి" అంది. తప్పుపట్టను. ఒకరు విడిచిన బట్ట మనకు పడదు. మన పాత ప్యాంట్లు మాత్రం మూటకట్టి స్టీలు గిన్నెకు ఇచ్చేస్తాం, అవి ఎవరి ఒంటిమీదకు పోతాయో అడగం. అమెరికాలో మా అబ్బాయి మొదటి చలికాలం గుడ్‌విల్ అనే పాత బట్టల దుకాణంలో కొన్న కోటుతోనే గట్టెక్కాడు. "నాన్నా, అమ్మమ్మకు చెప్పకండి" అన్నాడు. ఆ గుడ్‌విల్‌ని 1902లో బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ అనే పాస్టరు మొదలుపెట్టాడు. కలిగినవాళ్ల ఇళ్ల నుంచి పాత బట్టలు తెచ్చి, పేదల చేత బాగుచేయించి, అమ్మి, వాళ్లకు కూలి ఇచ్చేవాడు.

ఆ కూలి సంగతే ఇక్కడ అందరూ మరిచిపోతున్నారు. కుర్రాళ్లు ఇదే బజారులో ఏరి, ఇస్త్రీ చేసి, 'వింటేజ్' అని ఫోన్లో ఫొటో పెట్టి ఎన్నో రెట్లకు అమ్ముతున్నారు. అమ్ముకోనీ. కానీ చిల్లు పూడ్చేవాడి దగ్గరికి వచ్చేసరికి అందరికీ బేరం గుర్తొస్తుంది.

నా కోటుకు మూడు చిల్లులు, పురుగు కొట్టినవి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే చుక్కల్లా కనిపించాయి. అయినా ఎందుకు కొన్నానంటే, కింది గుండీ దగ్గర పైగుడ్డను, లోపలి గుడ్డను వేళ్లతో పట్టి విడదీస్తే మధ్యలో మూడో పొర విడిగా జారింది. అది కుట్టి పెట్టిన కాన్వాస్. జిగురుతో అతికించిన కోట్లకు ఆ జారుడు ఉండదు. వాటి జిగురు వదిలితే ఛాతీ మీద బుడగలు లేస్తాయి. ఇంటికొచ్చాక లోపలి కుట్టులోంచి ఒక పోగు లాగి కాలిస్తే వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది, బూడిద పొడైపోయింది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా మిగిలేది.

పాతబస్తీలో రఫూ చేసే పెద్దాయన ఉన్నాడు. నేను చాచా అంటాను. ఆయన కోటు అంచు మడత విప్పి, అందులోంచే పోగులు తీసి, సూదితో ఒకటి పైనుంచి ఒకటి కిందనుంచి, నేత ఎలా ఉందో అలాగే అల్లాడు. చిన్న చిల్లుకే గంటకు పైగా పట్టింది. మూడింటికి తొమ్మిది వందలు. పక్కన కూర్చున్నాయన "కోటుకన్నా రఫూ ఎక్కువా?" అని నవ్వాడు. ఎక్కువే, కావాలి కూడా. కోటు ఖరీదుతో రఫూకి ఏం సంబంధం?

పొట్ట దగ్గర బిగుతుగా ఉందంటే చాచా వీపు కుట్టు విప్పాడు. లోపల ఒక్కో పక్క అంగుళం గుడ్డ. మొదటి దర్జీ తన మనిషి లావవుతాడని ముందే అనుకున్నాడన్నమాట. నేను కొన్న రెడీమేడ్ ప్యాంట్లలో అర అంగుళం కూడా దొరకదు, అందుకే మొన్న టైలరుకి కొత్త ప్యాంటు గుడ్డ ఇచ్చినప్పుడు వెనక కుట్టులో ఒకటిన్నర అంగుళం వదలమని చెప్పాను. వింతగా చూశాడు.

కోటు వదులు చేశాక వీపు మీద సన్నగా రెండు ముదురు గీతలు పడ్డాయి. ఇన్నాళ్లూ ఎండ చూడని గుడ్డ కదా. "మొత్తం విప్పేయనా సాబ్?" అన్నాడు చాచా. సగం ఉంచమన్నాను. మా అబ్బాయికి అప్పుడే పొట్ట మొదలైంది.