పాత గుడికి రంగు వేసే ముందు

ధరూర్ మండలంలోని పంచాయతీలకు, గుడి కమిటీలకు, యువజన సంఘాలకు విజ్ఞప్తి

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో రాతిగుడి చరిత్ర పదమూడు వందల ఏళ్ల పైమాటే. బాదామి చాళుక్యుల నాటి అలంపురం నవబ్రహ్మ ఆలయాలే సాక్ష్యం. వాటిలో తారకబ్రహ్మకు దక్షిణాది తరహా శిఖరం. మిగతా గుళ్లవి చాలావరకు ఉత్తరాది రేఖా శిఖరాలు. స్వర్గబ్రహ్మ ఆలయం వినయాదిత్యుని ఏలుబడిలో (681–696) లేచిందని చెప్పగలుగుతున్నామంటే, గుడి మీద శాసనం చెక్కుచెదరకుండా మిగలబట్టే.

అలంపురం గుళ్లకు చట్టం అండ ఉంది. రక్షిత జాబితాకు ఎక్కని ఊరి గుడికి దిక్కు ఊరివాళ్లే.

ఆ గుడికి ముప్పు తరచుగా భక్తి రూపంలోనే వస్తుంది. చందాలు పోగవుతాయి, జీర్ణోద్ధరణకు ముహూర్తం పెడతారు. రాయి మెరవాలని శాండ్ బ్లాస్టింగ్, స్తంభాలకు ఎనామిల్ రంగు, గర్భగుడికి టైల్స్, రాళ్ల సందుల్లో సిమెంటు. ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు. అయినా ఇసుక దెబ్బకు రాతి పైపొరతో పాటు శిల్పి ఉలిగీతలు రాలిపోతాయి. రంగు శాసనం అక్షరాల్లో పూడుకుపోతుంది. సున్నమైతే గోడలోని తేమను బయటికి వదులుతుంది, సిమెంటు అడ్డుకుంటుంది. అప్పుడు ఆ తేమలోని ఉప్పు రాతిలోనే పేరుకుని పెచ్చులు ఊడగొడుతుంది.

ఇంగ్లండ్ పల్లెల్లోనూ ఇదే జరిగింది. పంతొమ్మిదో శతాబ్దంలో మధ్యయుగపు చర్చిల గోడలు గీకి, ‘అసలు రూపం’ పేరుతో కొత్తవి చేయసాగారు. ఆంగ్ల రచయిత విలియం మోరిస్ 1877లో పాత కట్టడాల రక్షణకు సంఘం పెట్టి ఎదిరించాడు. కూలకుండా ఎప్పటికప్పుడు చిన్న మరమ్మతులు చేయండి, రూపం మార్చకండి అన్నదే ఆయన వాదన. ఆ సంఘం నేటికీ పనిచేస్తోంది.

మన దగ్గర ఇంతకన్నా పెద్ద ఉదాహరణే ఉంది. శ్రీశైలం జలాశయంలో మునిగే చోటు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని, పాపనాశి గుళ్లను విప్పి, రాళ్లకు అంకెలు వేసి, మరోచోట మళ్లీ నిలబెట్టారు. గుడినే తరలించగలిగిన ప్రాంతంలో, రంగు వేసే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీయడం అసాధ్యం కాదు.

అందుకే ప్రతి పంచాయతీ ఒక తీర్మానం చేయాలి. పాత గుడిలో పని మొదలుపెట్టే ముందు కొలతలు, ఫోటోలు తీసి ఒక ప్రతిని బడిలో, మరొకటి మండల కార్యాలయంలో ఉంచాలి. పొలం గట్ల మీద, చెరువు కట్టల మీద పడి ఉన్న వీరగల్లులనూ ఆ జాబితాలో చేర్చాలి. శాసనం కనిపిస్తే రాష్ట్ర వారసత్వ శాఖకు తెలిపి, నకలు తీసేదాకా ముట్టుకోకూడదు. శాండ్ బ్లాస్టింగ్, ఎనామిల్ రంగు పూర్తిగా మానాలి. మరమ్మతు సున్నంతోనే సాగాలి. గుప్తనిధుల కోసం గర్భగుడి తవ్వేవాళ్లు కనబడితే వెంటనే పోలీసులకు చెప్పాలి.

రాష్ట్రంలో 2017 నాటి వారసత్వ చట్టం ఉంది. మన మిశ్రమ సంస్కృతి వారసత్వాన్ని కాపాడటం పౌరుల విధి అని రాజ్యాంగం 51ఎ అధికరణం చెబుతోంది. వచ్చే గ్రామసభ ఎజెండాలో ఈ అంశం చేర్చమని పంచాయతీ కార్యదర్శిని ప్రతి వార్డు నుంచీ రాతపూర్వకంగా అడగాలి.