బెళుగుప్ప ఇంటికి హీట్ పంపు కొనాలా?

ఈ మధ్య అమెరికాలో ఇళ్ళు కొన్న మనవాళ్ళతో మాట్లాడితే పది నిమిషాల్లో 'హీట్ పంపు' మాట వచ్చేస్తోంది. గ్యాస్ ఫర్నేస్ పీకేసి పెట్టించామని ఒకడు, మా ఊరి చలికి పని చేస్తుందా అని ఇంకొకడు. సరే, వాళ్ళ బాధ వాళ్ళది అనుకుంటే అది బెళుగుప్ప దాకా వచ్చింది. నీళ్ళు కాచే హీట్ పంపు కొంటే గీజరు కరెంటులో మూడో వంతే అవుతుందని అమ్మేవాళ్ళెవరో మా నాన్నకి చెప్పారట. "కొందామా అప్పా, ఏ కంపెనీ మంచిది?" అని ఫోను.

కంపెనీ సంగతి ఆఖర్న చూసుకోవచ్చు. ఈ ఇంట్లో వేడి ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోవాలి, ఏడాదిలో ఎన్ని రోజులు పోవాలి అన్నది ముందు తేలాలి. మనవాళ్ళు మాత్రం ల్యాప్‌టాప్ కొన్నట్టు స్పెసిఫికేషన్లతో మొదలుపెడతారు.

హీట్ పంపు వేడిని పుట్టించదు, ఒకచోటి నుంచి ఇంకోచోటికి తోడుతుంది. మన ఫ్రిజ్జు, ఏసీ చేసేది కూడా అదే. ఒక యూనిట్ కరెంటు ఖర్చుపెట్టి మూడు నాలుగు యూనిట్ల వేడిని తరలిస్తుంది. కానీ ఎంత ఎత్తుకి తోడాలన్నదాని మీద ఖర్చు ఆధారపడుతుంది. వంద అడుగుల బావిలోంచి తోడేదానికీ, ఆరువందల అడుగుల బోరులోంచి తోడేదానికీ ఒకే కరెంటు సరిపోదని మా మండలంలో చిన్న పిల్లోణ్ణి అడిగినా చెప్తాడు. మినియాపొలిస్‌లో బయట మైనస్ 20, ఇంట్లో 21 ఉండాలంటే అది ఆరువందల అడుగుల బోరు. బెళుగుప్పలో 28 డిగ్రీల గాలిలోంచి వేడి తీసుకుని నీళ్ళని 50కి తేవడం ఊరి బావి లాంటిది. యంత్రం దృష్టిలో మా ఊరు స్వర్గం అన్నమాట.

మరి కొనమన్నానా? లేదు. లెక్క చూడండి. ఇంట్లో ఇద్దరే మనుషులు. రోజుకి వంద లీటర్ల నీళ్ళు, 27 నుంచి 42 డిగ్రీలకి. గీజరుకి పట్టేది దాదాపు 1.8 యూనిట్లు, హీట్ పంపుకి 0.6. మిగిలేది 1.2 యూనిట్లు. ఎండాకాలంలో మిద్దె మీది ట్యాంకు నీళ్ళే చెయ్యి కాలుస్తాయి కాబట్టి ఏడాదికి 200 రోజులు వేసుకుందాం. యూనిట్ 6 రూపాయలైతే మిగులు 1,440 రూపాయలు. గీజరు కన్నా యాభై వేలు ఎక్కువ పెట్టి కొన్నామనుకుంటే ఆ డబ్బు వెనక్కి రావడానికి దాదాపు 35 ఏళ్ళు! అమ్మినాయన చెప్పిన 'మూడో వంతు' అబద్ధం కాదు, మూడో వంతు చెయ్యడానికి అసలు ఖర్చే లేదు. రోజుకి ఐదు వేల లీటర్లు కాచే హాస్టలుకో, లాడ్జికో అయితే నేనే దగ్గరుండి కొనిపిస్తాను.

అసలు బరువు వేరేచోట ఉంది. ఏప్రిల్, మే రాత్రుళ్ళు. పాత మట్టి మిద్దెల మీద చవుడు మందంగా ఉండేది, ఎండ లోపలికి దిగేలోపు పొద్దు గుంకేది. ఇప్పుడున్న ఆర్సీసీ స్లాబు పగలంతా ఎండ తాగి రాత్రి పది తర్వాత మంచం మీదకి కక్కుతుంది. అరవై దాటినవాళ్ళకి పగటి ఎండ కన్నా నిద్ర పట్టని ఈ రాత్రులే వరసగా పదిరోజులొస్తే ప్రమాదం. నేను డబ్బు పెట్టేదేదో దీని మీద పెట్టాలి.

కూలరు చాలదా? మా ఎండ పొడి ఎండ. 40 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్నప్పుడు మంచి కూలరు 26 దగ్గర గాలి ఇస్తుంది. చెన్నైవాళ్ళకి ఆ అదృష్టం లేదు. ఒకే ఒక్క చిక్కు, గంటకి ఐదారు లీటర్ల నీళ్ళు తాగుతుంది. పది గంటలకి నాలుగు బిందెలు. బోరు లోంచి అన్ని నీళ్ళు తోడటానికి పావు యూనిట్ కూడా పట్టదు, కాబట్టి కరెంటు బిల్లులో కూలరుదే గెలుపు. కానీ నాన్న చూసేది మీటరు, అమ్మ చూసేది బిందెలు. జీడిపల్లి రిజర్వాయరు మా మండలంలోనే ఉంది, 2012లో కృష్ణా నీళ్ళు అక్కడిదాకా వచ్చాయి, నిజమే. అయినా మేనెలలో బోరు దగ్గుతుంటే "ఆ డబ్బాకి పోసే నీళ్ళు యాడ్నుంచి తేవల్ల?" అని అడిగేది అమ్మే. పైగా మా నీళ్ళకి ప్యాడ్ల మీద తెల్లగా సున్నం కట్టేస్తుంది. ఏ పోలిక పట్టికలోనూ ఈ బిందెల గడి ఉండదు.

అందుకని నా ఓటు ఇలా. ముందు స్లాబు మీద తెల్లటి కూల్ పెయింటు, అదీ ఈ చలికాలంలోనే. (తెలంగాణ 2023లో దీనికోసం ఏకంగా ఒక పాలసీయే తెచ్చింది. మన వైపు సున్నం కొట్టుకునే పాత అలవాటుకే కొత్త పేరు.) ఆ తర్వాత పడుకునే గదికి ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ. అదీ గాలి నుంచి పనిచేసే హీట్ పంపే కదా, వేడిని బయటికి తోస్తుంది, అంతే తేడా :) 'హాట్ అండ్ కోల్డ్' రకం మా ఊరికి దండగ. రాత్రికి నాలుగైదు యూనిట్లు, అంటే నెలకి 130 పైన. స్లాబు రేట్లతో బిల్లు అదిరే మాట వాస్తవం. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ కింద రెండు కిలోవాట్ల సోలారుకి 60 వేల సబ్సిడీ ఉంది, నెట్ మీటరింగుతో ఆ యూనిట్లు సర్దుకుంటాయి. కూలరు హాల్లో, పగలు, నీళ్ళున్న రోజుల్లో.

ఇంకొక్క సంగతి. ఏసీ మీద రాసే టన్ను లెక్క బయట 35 డిగ్రీలున్నప్పటిది. మా దగ్గర 42. ఎండకి కాలే మిద్దె మీద అవుట్‌డోర్ యూనిట్ పెడితే దాని చుట్టూ గాలి ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది, కెపాసిటీ పడిపోతుంది, కరెంటు పెరుగుతుంది. బిగించడానికొచ్చేవాళ్ళు పైపు పొదుపని, పని సులువని నేరుగా పైకే ఎక్కిస్తామంటారు. నాలుగు మీటర్ల పైపు ఎక్కువైనా సరే, ఉత్తరం గోడకి, వేపచెట్టు నీడ వైపు పెట్టించమని నాన్నకి చెప్పాను.